బాపు ప్లేటు

సెప్టెంబర్ 9, 2025. కరీంనగర్

ఇవాళ మళ్లీ దానికి తిండి పెట్టాను. వారానికోసారి కొత్త ప్లేటులో పోషకాల జెల్లీ మీద గీయకపోతే చచ్చిపోతుంది. నన్ను కన్న బాపు కాలి పుండులోంచి ఆసుపత్రిలో తీసిన బ్యాక్టీరియా ఇది. చేన్లో పత్తికట్టె గుచ్చుకుంది, షుగర్ ఉంది, ఏ ఇంజెక్షనూ పనిచేయలేదు. బాపు పోయి ఏడాది దాటింది. ఇది మాత్రం మా ల్యాబులో పచ్చగా బతుకుతోంది. మూత తీస్తే మాగిన ద్రాక్షపళ్ల వాసన. బాపు కట్టు విప్పినప్పుడల్లా గదంతా ఇదే వాసన ఉండేది.

సెప్టెంబర్ 12

యాంటీబయాటిక్ అద్దిన కాగితపు బిళ్లల అంచుదాకా పెరిగింది. సిగ్గులేనిది. తంగేడు ఆకు రసం ఒక్కటే పెట్టినా అంతే. వెండి నానో కణాలకు కాస్త జంకింది. రెండూ కలిపి చూడమన్నారు నా గైడ్ దశరథం సార్.

సెప్టెంబర్ 15

అమ్మ కదా అని అవ్వకు చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది. నీ బాపును తిన్నదానికి బువ్వ పెడుతున్నవానే అని కంచం ముందు నుంచి లేచిపోయింది.

సెప్టెంబర్ 16

అవ్వ నాకు కంచం పెట్టి, తను వంటింట్లో కూర్చుని తింది.

సెప్టెంబర్ 21. పెత్రమాస, పోయిన పెద్దలకు పెట్టే అమావాస్య

పొద్దున్నే ఇద్దరం తంగేడుకు పోయాం. అవ్వ బతుకమ్మకు పూలు కోసింది, అవే కొమ్మల ఆకు నేను దూసుకున్నాను. డాబా మీద బాపుకు విస్తరి పెట్టాం. గారెలు, మటన్ కూర. మధ్యాహ్నం దాకా ఒక్క కాకీ ముట్టలేదు. ఎదురింటి డాబా మీద మాత్రం కొట్లాడుకుంటున్నాయి. అవ్వ నా మొహం చూడకుండానే అంది, ఎట్ల వస్తడే, నువ్వు పట్టుకొని కూసుంటివి, జర ఆయనను పోనియ్యరాదు అని.

నేను సైన్స్ చదివినదాన్ని. అయినా ఎర్రటి ఎండలో నాకు చలి పుట్టింది.

సెప్టెంబర్ 25, ఉదయం 10

తంగేడు రసం, వెండి కలిపి అద్దిన బిళ్ల చుట్టూ అది పెరగలేదు, ఖాళీ. గుండ్రంగా, శుభ్రంగా. మూడు ప్లేట్లలోనూ అంతే. సార్ స్కేలు పెట్టి కొలిచి నవ్వారు. మనుషులకు మందయ్యేసరికి ఏళ్లు పడుతుందన్నారు. నాకు పోయిన ఏడాదే కావాల్సింది. పని అయిపోయింది, ఆ బ్యాక్టీరియాను ఇక ఉంచొద్దు, అంతా ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో పెట్టేయమన్నారు. రేపు అన్నాను.

గెలిచాను కదా, చెయ్యి ఎందుకు రావట్లేదు? బాపు ఒంటి నుంచి మిగిలింది ఇదొక్కటే. నాకు భయంగా ఉంది, ఏడుపొస్తోంది.

సెప్టెంబర్ 26

పెట్టేశాను. కుక్కర్‌లాగే ఆవిరి కక్కింది. ద్రాక్ష వాసన వచ్చి, పోయింది.

ఎవరికీ ఫోన్ చేయలేదు. ఇంటికొచ్చేసరికి గడప బయట అవ్వ బకెట్ నీళ్లతో నిలబడి ఉంది, కాటి నుంచి తిరిగొచ్చినవాళ్లకు పెట్టినట్టు. కాళ్లు కడుక్కొని లోపలికి రా బిడ్డా అంది.