ఏడో స్థానంలో ఉన్న బడి

విజయవాడ,
12 సెప్టెంబరు 1998

ప్రియమైన ఎలిజబెత్‌కు,

భూగర్భ జలాల కార్యాలయంలో సీనియర్ సహాయకుడు, నీ భర్త అయిన లాజరు సవినయంగా విన్నవించుకునేది. మీ లంకను వాన నీరు పారే తీరునుబట్టి ఏడు వాటర్‌షెడ్లుగా విభజించి, మట్టి కోతనూ ఊటనీటినీ బేరీజు వేసి, దేన్ని ముందు కాపాడాలో వరుస నిర్ణయించే బాధ్యత నాకు అప్పగించారు. మొదటి మూడింటికి రాతికట్టలు, ఇంకుడు గుంతలు మంజూరవుతాయి. మిగిలిన నాలుగింటికి మా శుభాకాంక్షలు.

న్యాయానికి నువ్వు పాఠాలు చెప్పే బడి ఉన్న భాగమే మొదటిది కావాలి. "పెళ్లాం బడికి కట్ట కట్టించుకున్నాడండోయ్!" అని సెక్షన్లో నవ్వుతారని భయపడ్డాను. అందుచేత నిష్పాక్షికతను కాపాడే నిమిత్తం దానికి ఏడో స్థానం ఇచ్చాను. ఆ భాగానికి ముప్పేమీ లేదనడానికి బలం కోసం, అక్కడి పరిశీలన బావిలో జూన్ నాటి నీటిమట్టం రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు, నీరు తీపి అని కూడా రాశాను. ఫైలు సంతకమై వెళ్లిపోయింది.

నిన్న బ్యారేజీ గేట్లు ఎత్తారు. ఎర్రనీళ్లు మీ వైపే పోతున్నాయి. అది చూసి వచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను. బడి గోడ ఏటికి ఎంత దూరమో వెంటనే రాయగలవు.

నీ విధేయుడు,
లాజరు


లంక బడి,
15 సెప్టెంబరు

ఏమండీ,

మొన్న పద్నాలుగు అడుగులు. ఇవాళ పదకొండు. పిల్లల్ని చర్చిలో కూర్చోబెట్టి పాఠాలు చెబుతున్నాను.

ఏడో స్థానం ఇచ్చారని కోపం లేదు. నవ్వుకి మీరెంత భయపడతారో పెళ్లినాటి నుంచీ ఎరుగుదును. కానీ ఆ పరిశీలన బావి పోయిన క్రిస్మస్‌కి ముందే గట్టుతో సహా ఏట్లో కలిసిపోయింది. మరి జూన్‌లో ఎవరు దిగి కొలిచారు? నిరుటి అంకెకు రెండు సెంటీమీటర్లు కలిపి రాసే మీ ఆఫీసు ఆనవాయితీయేనా?

పడవ నడిపే ఆమోసుకి మీ ఉత్తరం చదివి వినిపించాను. "నీళ్లు తియ్యగానే ఉంటాయి టీచరమ్మా, ఏరే కదండీ! సారు మునిగి చూశారేమో" అన్నాడు. రేవులో అందరూ నవ్వారు. ఆ తర్వాత అందరూ బడి గోడ వైపు తిరిగి చూశారు. అది చూసి నాకు భయమేసింది.

మీ
ఎలిజబెత్


విజయవాడ,
18 సెప్టెంబరు

ఎలిజబెత్,

లేని బావిని కొలిచానని పై అధికారికి రాతపూర్వకంగా ఒప్పుకున్నాను. ఏటి కోతను కొత్తగా కొలిచి తెస్తేనే వరుస మారుస్తానన్నారు. సెక్షన్లో అందరూ కడుపుబ్బ నవ్వారు. కూర్చుని పూర్తిగా విన్నాను. ప్రాణం పోలేదు.

రేపు ఉయ్యూరు మీదుగా వచ్చే తొలి బస్సుకి టేపు పట్టుకుని బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం ఇవాళ్టి ఆఖరి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. ఆమోసుని రేవు దగ్గర ఉండమను. నువ్వు మాత్రం గోడ దగ్గరికి వెళ్లకు. ఎన్ని అడుగులు మిగిలితే అన్నీ నేనే కొలుస్తాను.

లాజరు