జంటలకే గుడిసె

శనివారం రాత్రి, కోరుట్ల

అరకు అవతల కొండమీది ఆ గుడిసెలో ఒక రాత్రి ఉందామన్న ఆలోచన నాది. కాలేజీలో కలిసి చదివిన ముగ్గురమే, మగవాళ్లనీ పిల్లల్నీ వదిలి వెళ్దామనుకున్నాం. గుడిసె చూసుకునే ఆయనతో మాట్లాడింది నేనే. అక్కడ కరెంటు లేదని, నీళ్లు వాగు నుంచి మోసుకోవాలని కనుక్కున్నదీ నేనే.

సాయంత్రం జగిత్యాల నుంచి సునీత ఫోన్ చేసింది.

"మా ఆయన గూడ అస్తనంటున్నడే. సిరిసిల్ల నుంచి రజిత, వాళ్లాయన. ఇగ అందరం జంటలమే అయితున్నం... నీకే ఇబ్బంది అయితదేమోనని."

"నాకేం ఇబ్బంది?" అన్నాను.

"గట్ల గాదే. ఆడ ఒక్కటే రూము గద."

నా విడాకులప్పుడు నా పక్కన కూర్చుని ఏడ్చిన మనిషి. ఇవాళ తన మొగుడున్న గదిలో నేనుండటం ఆమెకే ఇష్టం లేదు.

పెట్టేసేముందు అడిగింది: "నువ్వెట్లాగు వస్తలేవు గద, కొత్తగ కొన్న స్లీపింగ్ బ్యాగు మాకిస్తవా? మస్తు సలి ఉంటదంట."

"ఇయ్య" అన్నాను.

"గింతదానికే కోపమా?" అంది.

ఇప్పుడు ఆ బ్యాగును హాల్లో పరిచి, నడుందాకా జిప్పు వేసుకుని ఇది రాస్తున్నాను. ఒళ్లంతా చెమట. అయినా బయటికి రాబుద్ధి కావడం లేదు.