సముద్రంలో సిగ్నల్ లేదన్నాను

హైదరాబాదు,
సోమవారం.

పాస్టరమ్మగారికి వందనాలు.

సముద్రంలో ఆపద నుంచి దేవుడు నన్ను కాపాడేడని ఈ ఆదివారం మందిరంలో సాక్ష్యం చెప్పమని మీరు ఫోన్లో అడిగితే "ఆయ్" అన్నాను. కాదనడానికి నోరు రాక అన్నాను. అందుకే ఈ ఉత్తరం.

మా ఓడకి ఏ ఆపదా రాలేదండి. ఆఫీసు వాళ్ళతో విహారానికి సింగపూరులో ఓడ ఎక్కిన సాయంత్రం, ఎప్పటిలాగే నానమ్మ కుటుంబ ప్రార్థనకి వీడియో కాల్ చేసింది. ఓడలో వైఫై బాగానే ఉంది. నానమ్మ గొంతెత్తి పాట అందుకోగానే నా గదిలో ఉండే హేమ, "మీ నానమ్మగారు మైకు మింగేరా?" అంది. అందరూ నవ్వేరు. నేనూ నవ్వాను. పాట మధ్యలోనే కాల్ కట్ చేసి, మూడు రోజులు ఫోన్ ఆపేశాను.

ఓడ దిగాక "సముద్రంలో సిగ్నల్ లేదు నానమ్మా" అన్నాను. అప్పటికే ఆవిడ, ఓడకి ఏమైందోనని ఉపవాసం పట్టి, షుగరు మాత్రలు కూడా మానేసిందట. స్త్రీల సమాజం వాళ్ళతో మీరు రోజూ ఇంటికి వెళ్ళి మోకరించేరట. ఆ మూడు రోజులూ నేను డెక్ మీద నవల చదువుకుంటూ మూడు పూటలా తిన్నాను.

శనివారం రాజోలు రాగానే నానమ్మకి నేనే చెప్తాను. కానీ నా పిరికితనం నాకు తెలుసు. ఆదివారం ఆవిడ నవ్వుతూ వచ్చి ముందు వరసలో కూర్చుంటే, నేను ఇంకా చెప్పలేదని అర్థం. అప్పుడు దయచేసి సాక్ష్యానికి నా పేరు పిలవండి, అందరి ముందైనా ఇదే చెప్తాను.

సలోమమ్మగారి మనవరాలు