సున్నా లేని ఆట

18 నవంబర్, సోమవారం

జాయ్స్ బరువు 34.6. పోయిన సోమవారం 35.1.

ఏఎన్ఎం మాధవి గారు కాటా మీద రెండుసార్లు నిలబెట్టారు. 33 కిందకు దిగితే ఇక ఇంట్లో ఉంచడానికి వీల్లేదని, విశాఖ తీసుకెళ్లి ముక్కులోంచి ట్యూబ్ వేయించాల్సిందేనని చెప్పారు. పిల్ల ముందే చెప్పారు. పిల్ల గోడకేసి చూస్తూ నిలబడింది.

హాస్టల్ నుంచి తెచ్చుకుని ఏడు వారాలైంది. సెప్టెంబర్ చివరి ఆదివారం అక్కడ కోడికూర తిని నలభై మంది ఆడపిల్లలు పడిపోయారు. జాయ్స్‌కి మూడు రోజులు సెలైన్ పెట్టారు. అందరూ కోలుకున్నారు, తిరిగి క్లాసులకు వెళ్లారు. మా అమ్మాయి మాత్రం వండిన తిండి ముట్టదు. సీల్ ఉన్న బిస్కెట్ ప్యాకెట్ కావాలి. డేట్ చూసుకుని తనే విప్పుకోవాలి. రోజుకు ఒకటిన్నర ప్యాకెట్. వాళ్లమ్మ క్రిస్టినా పెట్టిన కంచం పెట్టినట్టే తిరిగి వస్తుంది. క్రిస్టినా గిన్నెలు గట్టిగా తోముతుంది.

మా అన్న కొడుకు సైలస్ తన పాత లాప్‌టాప్ ఇచ్చి వెళ్లాడు. అందులో ఒక ఆట ఉంది. మంచు దేశపు అడవిలో ఒక మనిషి ఒంటరిగా చిక్కుకుపోతాడు. కట్టెలు ఏరుకోవాలి, వేటాడాలి, వండుకోవాలి. ప్రాణం ఒక్కటే. చస్తే మళ్లీ మొదటి నుంచి.

సాయంత్రం పిల్ల వెనక నిలబడి చూశాను. ఆ మనిషి ఆకలితో చచ్చిపోయాడు. అతని సంచిలో రెండు కిలోల వండిన జింక మాంసం ఉంది.

పాత ఆటల లిస్టు చూశాను. పదకొండు ఆటలు. పదకొండూ ఆకలి చావులే.

19 నవంబర్

ఆ ఆట నేర్చుకుంటాను.

20 నవంబర్, ఉదయం

నేను చదివింది ఐదో తరగతి. ఇంగ్లిష్‌ని నేను పనిచేసే కాఫీ యూనిట్‌లో మిషన్ల మీదా, మందు డబ్బాల మీదా చూసి నేర్చుకున్నాను. రానిది ఫోన్ కెమెరా చదివి పెడుతుంది.

అర్థమైనంత వరకు రాస్తున్నాను. ప్రతి తిండికీ ఒక అంకె ఉంటుంది, ఎంత తాజాగా ఉందో చెబుతుంది. దాని పక్కన ఇంకో అంకె, తింటే జబ్బు చేసే అవకాశం. పచ్చి మాంసానికి నలభై శాతం. బాగా కాల్చి అప్పుడే తింటే ఒకటి. రోజులు గడిచేకొద్దీ రెండు, నాలుగు, పది. నీళ్లు మరిగించకపోతే అదొకటి.

సున్నా ఎక్కడా లేదు. చాలాసేపు వెతికాను.

ఐదింటికి మొదలుపెట్టి, పచ్చి చేప తిని ఎనిమిదింటికి చచ్చిపోయాను. యూనిట్‌కు లేటు.

23 నవంబర్, శనివారం

ఈసారి జింక దొరికింది. మన ఇళ్లలో చేసినట్టే ముక్కలన్నీ గుడిసెలో పొయ్యి దగ్గర పెట్టాను. మా అమ్మ పొయ్యి పైన కట్టిన వెదురు దడి మీద పెట్టిన మాంసం పొగకు ఎండి వానాకాలమంతా ఉండేది. ఆటలో పొగకు ఏ గుణమూ లేదు. వెచ్చదనానికి మూడు రోజుల్లో మొత్తం పాడైంది. ఆకలికి ఆగలేక, జబ్బు చేసే అవకాశం అరవై శాతం ఉన్న ముక్క తిని చచ్చిపోయాను.

జాయ్స్ ఆ చావు లిస్టులో చూసింది. ఇది నువ్వేనా నాన్నా అని అడిగింది. ఒప్పుకున్నాను. మాంసం ఎక్కడ పెట్టేవని అడిగింది. చెప్పాను. ఓలమ్మో, పొయ్యి కాడ ఎట్టేవేటి, అది మంచు దేశం కదా, ఊరంతా ఫ్రిజ్జే, బైట మంచులో పారీలేవా అని నవ్వింది.

పెరట్లో ఉన్న క్రిస్టినా ఆ నవ్వు విని తడి చేతులతో పరిగెత్తి వచ్చింది.

25 నవంబర్, సోమవారం

34.1.

జాయ్స్‌తో ఒప్పందం చేసుకున్నాను. ఇక ఇద్దరికీ ఒకడే మనిషి. ఉదయం నేను ఆడతాను, సాయంత్రం తను. క్రిస్టినా వాడికి పోలయ్య అని పేరు పెట్టింది. పోలయ్యకి పూటపూటకీ వండతన్నావు, నాకు ఓ పాలి టీ కాసి ఎట్టు సూద్దాం అంది. కాచి ఇచ్చాను. తాగి, పోలయ్యకే ఎట్టుకో అంది.

యూనిట్‌లో కాఫీ గింజల తేమకు గీసే పట్టికలాంటిదే ఈ పుస్తకం వెనక గీశాను. ఏ ముక్క, ఏ రోజు కాల్చింది, ఇవాళ ఎంత శాతం. పాత ముక్క ముందు తినాలి. పది దాటితే పారేయాలి. మాంసం బయట మంచులో. నీళ్లు మరిగించనిదే ముట్టకూడదు.

27 నవంబర్

నిండు కడుపుతో పోలయ్యను అప్పగిస్తున్నాను. మర్నాడు ఖాళీ కడుపుతో తిరిగి వస్తున్నాడు. సాయంత్రాలు వాడికి నీళ్లు తప్ప ఏమీ దొరకడం లేదు. నా ముక్కలు లెక్కకు లెక్క అలాగే ఉన్నాయి.

28 నవంబర్, గురువారం

ఈ రోజు ఎక్కువ మాట్లాడాను. గింజలో తేమ పదకొండు శాతం ఉన్నప్పుడు బస్తా కడతామని చెప్పాను. ఇంకా ఎండబెడితే పప్పు చిట్లిపోతుంది, సున్నా కోసం చూస్తే గింజ మిగలదు అన్నాను.

జాయ్స్ అంతా విని, గింజలు ఎవరికీ వాంతులు సెయ్యవు కదా నాన్నా అంది.



1 డిసెంబర్, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక పోలయ్యను తూర్పు కొండ దాటించాను. ఆటలో రెండు రోజుల నడక. ఒకసారి తోడేలు వెంటపడింది. పాడుబడ్డ గుడిసెలో మాత్రలు నాలుగు దొరికాయి. తిండి పడకపోతే రెండు మాత్రలు, పది గంటల నిద్ర. తేరుకునే దారి అదొక్కటే.

రిస్క్ సున్నా కానప్పుడు మందు సంచిలో ఉండాలి. ఇంతకాలం ముక్కల లెక్కే రాశాను. ఈ లెక్క ముందే రాయాల్సింది.

2 డిసెంబర్, సోమవారం

33.4. బట్టలు సర్ది ఉంచుకోమని మాధవి గారు చెప్పారు.

3 డిసెంబర్

పట్టికలో ఒక ముక్క తక్కువ. రెండు శాతం ముక్క. నేను తినిపించలేదు.

4 డిసెంబర్, బుధవారం

సాయంత్రం నా ఎదురుగానే జాయ్స్ పోలయ్యకి ఇంకో ముక్క పెట్టింది. నాలుగు శాతం. వందలో నాలుగు. అదే తగిలింది.

తెర మసకబారింది. పోలయ్య కడుపు పట్టుకుని వంగిపోయాడు. జాయ్స్ లాప్‌టాప్ తోసేసి ఇంటి వెనక్కి పరిగెత్తి వాంతి చేసుకుంది. బిస్కెట్ నీళ్లు. క్రిస్టినా దాని వీపు రాస్తూ నన్ను తిట్టింది. ఆ బొమ్మలాట తెచ్చి గుంట ప్రాణం తీసేత్తన్నావు, నీకు బుద్ధుందా అంది. అది నిజమేనేమో అనిపించింది. అయినా ఆట ఆపలేదు. పోలయ్య ఇంకా బతికే ఉన్నాడని మాత్రం గట్టిగా చెప్పాను. సంచిలో మాత్రలున్నాయని చెప్పాను.

జాయ్స్ మూతి కడుక్కుని వచ్చింది. రెండు మాత్రలు వేసింది. పది గంటలు పడుకోబెట్టింది. ఆటలో పది గంటలంటే మనకు రెండు నిమిషాలు. వాడి బలం యాభై నుంచి పడుతూ ఇరవై ఒకటి దగ్గర ఆగింది. ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. క్రిస్టినా కూడా.

లేచేడు అంది జాయ్స్.

తర్వాత తనంతట తనే చెప్పింది. హాస్టల్‌లో మెస్ కమిటీ పిల్లలు వంతులవారీగా కూర రుచి చూసి పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ ఆదివారం వంతు జాయ్స్‌ది. వాలీబాల్ ఆడుతూ ఉంది. వంటామె పుస్తకం గ్రౌండ్‌కే తెచ్చింది. రుచి చూశాను, బాగుంది అని రాసి సంతకం పెట్టేసి మళ్లీ ఆటలోకి వెళ్లింది. రాత్రి భోజనానికి కూర్చున్నాక ముక్క పుల్లగా వాసన కొట్టింది. సంతకం పెట్టేశాను కదా అని నోరెత్తలేదు. అందరి కంటే ఎక్కువ తిన్నది కూడా అందుకే. ఆ పుస్తకం ఎవరూ అడగలేదు. సంతకం ఇప్పటికీ అందులోనే ఉంది.

తప్పు నీది కాదు అని నేను అనలేదు. మధ్యాహ్నం కూరను రాత్రి దాకా ఉంచి పెట్టింది పెద్దవాళ్లని చెప్పాను. సంతకం నీదేనని కూడా చెప్పాను. అప్పుడు ఏడ్చింది. తొమ్మిది వారాల్లో మొదటిసారి.

5 డిసెంబర్, గురువారం

ఇంట్లో కొత్త పద్ధతి పెట్టాను. ఈ రోజు నుంచి రుచి చూసేది జాయ్స్. అది చూసి సరే అనేదాకా నేనూ క్రిస్టినా తినం. బాగోలేదంటే పారేస్తాం, ఎందుకని అడగం.

పొద్దున చోడి అంబలి. గరిటెతో వాసన చూసి, పారేయమంది. పారేశాం. మధ్యాహ్నం అన్నం, రాజ్మా కూర. పారేయమంది. పారేశాం. రాత్రి కూడా అంతే. కోళ్లు బాగా తిన్నాయి. క్రిస్టినా నాతో మాట్లాడడం లేదు, కానీ మూడు పూటలూ పారబోసింది.

6 డిసెంబర్, శుక్రవారం, మధ్యాహ్నం

యూనిట్‌లో కళ్లు తిరిగాయి. నాతో పనిచేసే కామేష్ బన్ను ఇవ్వబోయాడు, వద్దన్నాను. ఉపవాసమా అన్నా అని అడిగాడు. అవునన్నాను.

పొద్దున అంబలి గరిటె పెదవుల దాకా తెచ్చుకుంది. అక్కడ ఆగింది. పారేయమంది.

ఇలాగే ఎన్నాళ్లు అని క్రిస్టినా ఇప్పుడు ఫోన్ చేసి అడిగింది. సోమవారం దాకా నేను ఆగగలనని చెప్పాను. నువ్వు తినేయమన్నాను. నీకేనేటి పంతం అని ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం 5:30

జాయ్స్ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. బియ్యం తనే కడిగింది. నీళ్లు మూడుసార్లు మరిగించింది. బేగి వండే, మీ నాన్న పడిపోతాడు అంటోంది వాళ్లమ్మ. నువ్వుండమ్మా, ఉడకాల కదా అని కసురుతోంది.

ఈ పుస్తకం కావాలని అడిగింది. పెన్ను కూడా ఇచ్చాను.

6 డిసెంబర్

6:25. అన్నం, రాజ్మా కూర. నా ఎదురుగా ఉడికింది. మూడు ముద్దలు తిన్నాను. నిజంగా తిన్నాను. కూరలో ఉప్పు తక్కువ.
గంట దాకా ఎవరూ ముట్టకూడదు.
6:40. ఏమీ కాలేదు.
6:55. కొంచెం వికారం. భయం వల్ల అనుకుంటున్నాను.
7:10. తగ్గింది. ఆకలేస్తోంది.
7:25. తినండి.

జాయ్స్