పచ్చి ఇటుక గోడకు సిమెంటు

2015 ఫిబ్రవరి 4, నిజ్వా, ఒమన్
కొత్త సైట్. ఖర్జూరపు తోటలో పాత మట్టి ఇల్లు, రెండంతస్తులు. రిపేరు పని. పదేళ్లుగా కాంక్రీటు బ్లాకులు కట్టిన మేస్త్రీని, పచ్చి ఇటుకల కొంపకు నేనెందుకని బస్సులో గొణుక్కున్నాను. లోపల అడుగు పెట్టగానే నోరు మూతపడింది. బయట ఎండ చురుక్కుమంటోంది, లోపల కుండలో నీళ్లంత చల్లదనం.

ఫిబ్రవరి 5
గోడ అడుగున నా మూర కంటే మందం. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఎవడు కట్టాడో, వాడి చేతులకు దండం పెట్టాలి. కిటికీలు నేలను ఆనుకుని... కింద కూర్చున్నవాళ్లకు గాలి. కప్పు దగ్గర చిన్న కంతలు, వేడి పోవడానికి.
ఖర్జూరాలు దాచే గదిలో నేలంతా గట్లూ కాలువలూ. బస్తాల బరువుకు కారే పాకం ఆ కాలువల్లో పారి మూలనున్న కుండలోకి చేరుతుంది. అబ్బ, ఏం బుర్ర!

ఫిబ్రవరి 8
ఇంటాయన సాలిం బాబా వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. హిందీ బాగానే మాట్లాడతాడు. మేడగదిలో నిలబడి, మా అమ్మ నన్ను ఇక్కడే కన్నది అన్నాడు. వెళ్తూ వెళ్తూ — మట్టీ గడ్డీ తప్ప గోడకు ఇంకేదీ పూయొద్దని. సరే బాబా అన్నాను.

ఫిబ్రవరి 10
సరే అన్నవాణ్ని ఊరుకోవచ్చుగా. మేడగదిని మోసే వెనక గోడ, నీటికాలువ పక్కది, అడుగున రాలుతోంది. ఇంత మంచి గోడ పాడైపోతోందే అని ప్రాణం ఒప్పలేదు. మోకాలెత్తు సిమెంటు పూసి, పైన మట్టి మెత్తి కనబడకుండా చేశాను. నాతో పనిచేసే గంగారాం బావ మెచ్చుకున్నాడు: "ఇగ వందేండ్లు కదలది తియ్యి."

ఫిబ్రవరి 12
వాన. రోజంతా.

ఫిబ్రవరి 22
సిమెంటుకు పైన చెమ్మ, నడుమెత్తు దాకా. పెచ్చు ఊడదీస్తే లోపల ఇటుక పిండిముద్దలా ఉంది. ఇన్నేళ్లూ గాలికి ఆరిపోతూ వచ్చిన కాలువ చెమ్మ, బయటికి పోయే దారి లేక లోపలే నిలిచింది. దారి మూసింది నేనే. ఈ గోడ కూలితే మేడగదీ పోతుంది.
"వానొచ్చింది గద, వాన మీదికి నెట్టెయ్. ముసలాయనకేం ఎరుక?" అన్నాడు గంగారాం బావ.
"ఆయన పుట్టిన గది బావా అది."
"నీ కొలువు పోతది, సూస్కో."


ఫిబ్రవరి 23
బాబాకు చెప్పేశాను. సిమెంటు పూసింది నేనేనని. బాబా గోడకు అరచెయ్యి ఆనించి చూశాడు. తిట్టలేదు. తిడితేనే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫిబ్రవరి 24
సిమెంటంతా ఒలిచేశాం. దూలాల కింద ఇనుప జాకీలు పెట్టాం. గోడ ఆరితే నిలుస్తుంది. ఆరేలోపు ఒరిగితే కూల్చడమే. నన్ను పనిలో ఉంచుతాడో లేదో బాబా చెప్పలేదు.

ఫిబ్రవరి 26
సాయంత్రం బాబా ఖావా, అంటే వాళ్ల కాఫీ, ఫ్లాస్కులో పోసుకుని వచ్చాడు. నేరుగా పోయి ఆ గోడకే వీపు ఆనించి కూర్చున్నాడు.
"బాబా, ఉఠో! పడిపోతది!" అని అరిచాను.
కదల్లేదు. రెండో కప్పు కూడా నింపి, పక్కన నేల తట్టాడు. "బైఠో."
కూర్చున్నాను. నా వీపూ గోడకు ఆనింది. ఇంకా తడిగానే ఉంది. ఖావా చేదుగా, వేడిగా... కాసేపటికి వెనక ఏదో కదిలినట్టనిపించింది. గోడో, నా గుండె దడో.