రెండు రోజులు పెద్దదైన పిల్ల

చిరంజీవి చిన్నమ్మడికి నాన్న దీవెనలు.

ఈ ఉత్తరం రాయడం మానేద్దామనే అనుకున్నాను. ఫోనులో చెబితే పోయేది. కానీ ఫోనులో నువ్వు మాటమాటకీ అడ్డొస్తావు, కాగితం అడ్డురాదు. ఇక్కడ అందరం కులాసా. నువ్వడిగిన నా మోకాళ్ళు కూడా కులాసాయే, మెట్లు ఎదురుపడనంత వరకు.

అనాథాశ్రమాల్లో పెరిగిన పిల్లల మొర ఇకనుంచి పద్దెనిమిది దాటినా, ఇరవై అయిదేళ్ళ దాకా బాలల కమిషన్ వింటుందన్న వార్త సెలూన్‌లో చదివాను. సగం గడ్డంతోనే లేచి, ఆ కొత్త రూలు ముసాయిదా రాసింది మా అమ్మాయేనని అందరికీ చెప్పాను. "పెద్దాయనా, కూర్చోండి, కత్తి నా చేతిలో ఉంది" అన్నాడు సెలూన్ అతను. గర్వం వచ్చినప్పుడు మెడ సంగతి ఎవడికి గుర్తుంటుంది!

పద్దెనిమిది నిండాయని కమిషన్ వెనక్కి పంపిన మనిషి ఒక్కరైనా ఈ కొత్త రూలు ప్రారంభ సభలో మాట్లాడితే బాగుండునని, ఎవరూ ముందుకు రావడం లేదని రాశావు. ఆ ఆఫీసు గుమ్మం దగ్గరి బల్ల మీద పుట్టినతేదీలు చూసి అర్జీలు తీసుకున్నవాణ్ణి కదా, ఎవరైనా గుర్తున్నారా అని అడిగావు. లేరని కిందటి ఉత్తరంలో రాశాను. అది అబద్ధం.

నువ్వు పాకే రోజుల్లో ఒక పిల్ల వచ్చింది. ఆశ్రమం వాళ్ళు బయటికి పంపేశారట, కుట్టుపని సర్టిఫికెట్ కూడా ఇవ్వలేదట. తేదీ చూస్తే పద్దెనిమిదేళ్ళ రెండు రోజులు.

"రెండు రోజుల ముందు రావలసింది తల్లీ" అన్నాను.

"రెండు రోజుల ముందు నన్ను వెళ్ళగొట్టలేదు కదండీ" అంది.

నా దగ్గర ఉన్నది రూలొక్కటే. అర్జీ తిరిగిచ్చేశాను. సాయంత్రం ఇంటికొస్తుంటే బస్టాపు బల్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని అదే పిల్ల. ఇంటికి తీసుకొచ్చి, భయపడుతూ మీ అమ్మకు జరిగింది చెప్పాను. "మనింట్లో వయసు చూసి అన్నం పెట్టం" అని కంచం పెట్టింది మీ అమ్మ.

అమ్మ వైపు దూరపు చుట్టమని నీకు చెప్పిన మీ అక్క ఆ పిల్లే. ఆ సర్టిఫికెట్ ఈనాటికీ రాలేదు. అది లేకుండానే టైలరింగ్ షాపు పెట్టి, నలుగురికి పని నేర్పింది. ఇన్నాళ్ళూ దాచింది దాని పరువు కోసం కాదమ్మా, నా పరువు కోసం.

నిన్న షాపుకెళ్ళి, సభకు వస్తావా అని అడిగాను. నీకు నిజం రాస్తానని కూడా చెప్పాను. మిషను ఆపింది.

"నిన్ను స్టేజీ మీద తిడతాను, పర్లేదా బాబాయ్?"

"పేరు చెప్పకుండా తిట్టమ్మా."

"పేరు చెప్పే తిడతాను. తర్వాత పిన్ని పెట్టిన అన్నం గురించి చెబుతాను."

ఇద్దరు కూతుళ్ళ తండ్రిని. ఒకతె రూలు మార్చింది, ఇంకొకతె రూలు ఉన్నప్పుడే బతికి చూపించింది. నాకింకేం కావాలి?

అది రేపు పొద్దుటి బస్సుకు మా ఇద్దరికీ టిక్కెట్లు తీసుకుంది, ఈ ఉత్తరం నీ చేతికి నేనే ఇస్తాను. కిటికీ సీటు తనకేనంది.

ఇట్లు,
సంచి సర్దుకుంటున్న
మీ ఇద్దరి నాన్న