సావుకారి పౌరుషం

ఓబులేసూ,

గువ్వలచెరువు ఘాట్లో లారీ తిరగబడి నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళే కడప లేబరాఫీసులో నీ కేసు తేలింది. నీకు స్టీరింగు పట్టడం నేర్పినవాణ్ణి కదా, నీ భార్య నరసమ్మకు తోడుగా నేనూ వెళ్ళాను.

ఆమెకు నష్టపరిహారం రావాలంటే నువ్వు లారీ సావుకారి కింద పనివాడివని తేలాలి. ఆయనేమో, "ఓబులేసు నా జీతగాడు కాదు సార్. ట్రిప్పుకింత అని గుత్తకు తోలినాడు. వాని ఇష్టం వానిది" అని ఒకటే పాట. సిల్కు జుబ్బా తొడుక్కొచ్చాడులే. ఆ గుండీల సంగతి మొదలుపెడితే పొద్దుపోతుంది.

అధికారి నెమ్మదిగా అడిగాడు: "అయితే తనకిష్టమైన లోడు ఎత్తుకుని, ఇష్టమైన ఊరికి పోయేవాడా?"

సావుకారికి పౌరుషం పొడుచుకొచ్చింది. "నేను చెప్పకుండా నా బండి కదిలిచ్చే మొగోడు ఈ జిల్లాలో ఉండాడా సార్? మంత్రాలయంలో దండం పెట్టుకోనీకి నిలపాలన్నా నన్ను అడగాల్సిందే!"

ఆయన వకీలు తల పట్టుకున్నాడు. నువ్వు పనివాడివేనని అధికారి తీర్పు చెప్పాడు.

తిరుగు బస్సులో నరసమ్మ మెల్లగా, "అన్నా, ఆయప్ప బతికుంటే దీనికి ఒప్పుకొంటాండెనా?" అంది. 'నేనెవరి జీతగాడినీ కాదు' అని నువ్వు టీ కొట్ల దగ్గర మీసం తిప్పడం ఆమెకూ తెలుసు.

"యాడమ్మా! సావుకారిని ఇడిసిపెట్టి, ముందు మనల్నే తిడతాండె."

నువ్వు పోయాక ఆమె నవ్వడం ఇదే మొదలు. ఆ తర్వాత కమలాపురం వచ్చేదాకా ముఖం మీంచి కొంగు తీయలేదు.